పేరు అడిగే ముందు

నాకు జపాను భాష వచ్చు. మా నెల్లిమర్లలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, ఎందుకంటే వాళ్ళందరికీ చెప్పింది నేనే. నేను వయసులో ఉన్నప్పుడు జ్యూట్ మిల్లులో యంత్రాలు బిగించడానికి జపాను ఇంజనీర్లు వచ్చారనీ, ఆర్నెల్లపాటు వాళ్ళకు నేనే దుబాసీననీ, వెళ్ళేటప్పుడు నన్ను కావలించుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారనీ మొదట్లో చెప్పేవాణ్ణి. కన్నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి జనం పక్కచూపులు చూస్తున్నారని గమనించి, తర్వాత్తర్వాత కావలింత దగ్గరే ఆపేశాను.

అసలు జరిగింది ఇంతే. ఒకరోజు మా బట్టల కొట్టుకి జపానువాడేమో అనిపించే కొత్త ముఖం ఒకాయన వచ్చి తువ్వాలు కొనుక్కున్నాడు. హిందీలో మాట్లాడాడు. ఊరేదని అడిగితే డార్జిలింగ్ అన్నాడు. తువ్వాలు మాత్రం మంచిది, పొందూరు నేత.

నలభై ఏళ్ళపాటు ఈ అబద్ధం ఎవరికీ అపకారం చెయ్యకుండా బతికింది. కిందటేడు ఒక పిల్ల ఉద్యోగం మీదికి తెచ్చింది.

మోకాళ్ళు మొరాయించాక నేను కొట్టు మూసేశాను. పైన సరుకు పెట్టుకునే పెద్ద గది ఖాళీగా పడి ఉంటే, ఒక టీచరమ్మ వచ్చి అద్దెకడిగింది. విశాఖపట్నం అమ్మాయి. ముప్పై దాటి ఎంతో కాలం అయ్యుండదు. జపానులో ఆరేళ్ళు ఉండి వచ్చింది. నర్సింగు చదివిన పిల్లలకు ఆ భాష నేర్పి, అక్కడి వృద్ధాశ్రమాల్లో ఉద్యోగాలకు పంపుతారట. ఆ దేశంలో ముసలివాళ్ళు ఎక్కువ, వాళ్ళను లేపి కూర్చోబెట్టే చేతులు తక్కువ. సాయంత్రం నాలుగయ్యేసరికి పదిహేనుమంది ఆడపిల్లలు నా మెట్లెక్కి, ఆరింటిదాకా వల్లిస్తుంటారు. కింద వరండాలో పడక్కుర్చీలో కూర్చుని వినడం నా పని. ఆ విధంగా నాకు ఏడు మాటలు పట్టుబడ్డాయి. ఊళ్ళో డెబ్బై అని చెప్పాను.

ఆ పదిహేనుమందిలో ఒక పిల్లది చర్చి వీధి. మిషను వాళ్ళ కుటుంబం. తల్లీ తండ్రీ పనికోసం చెన్నైలో ఉంటే, మిల్లులో చేసి రిటైరైన నాయనమ్మే దగ్గరుంచుకుని చదివించింది. పాఠం అయ్యేవేళకి ఆ ముసలమ్మ వచ్చి, మెట్టు మీద కూర్చుని, మనవరాల్ని వెంటబెట్టుకుని వెళ్ళేది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. నలభై ఏళ్ళుగా ఆమెను ఎరుగుదును. ఎరుగుదును అంటే, మా కొట్టుకి వచ్చేది.

ఒకరోజు ఆ పిల్ల పాఠానికి ముందే వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"తాతా, నీకు జపాను వచ్చంట కదా."

"రాకేటి! నీళ్ళలాగ వస్తాది."

"అయితే ఒకటి సెప్పు. ఎల్లుండి ఇంటర్వ్యూ. కంప్యూటర్లో జపానోళ్ళు కనిపిస్తారు. అందులో ఒకలు ఆశ్రమంలో ముసిలోళ్ళలాగ నటిస్తారంట, మనం పలకరించాలంట. మొదట పేరు అడగమంటాది టీచరు. అంత పెద్దోళ్ళని పట్టుకుని నీ పేరేటని ఎలాగడుగుతాం? నాకు నోరు రావట్లేదు."

ఆ పిల్ల సందేహం న్యాయమైనదే. మా వైపు పెద్దవాళ్ళ పేరు ఎవరూ అడగరు. ఈడునిబట్టి ఒక వరస కలిపేస్తాం, అక్కడితో పేరు పని అయిపోతుంది. టీ కొట్టతను మావ. పక్కింటాయన బావ. దారిలో ఎదురైన ముసలాయన ఎవరైనా తాతే. ముప్పై ఏళ్ళుగా నాకు గడ్డం గీసే మనిషి పేరు ఈరోజుకీ నాకు తెలీదు, అతనూ నాకు బావే. పేర్లు రేషను కార్డుకీ ఆసుపత్రి చీటీకీ కావాలిగానీ మనుషులకెందుకు?

నాకు తెలీదమ్మా, టీచరునే అడుగు అంటే సరిపోయేది. నాలుగు మాటల ఖర్చు. నేను కుర్చీలో ముందుకి జరిగి గొంతు సవరించుకున్నాను.

"అడక్కూడదు. జపానోళ్ళు అచ్చం మనలాగే. పెద్దోళ్ళని పేరడిగితే సచ్చినంత అవమానం. తాతా అనీసి, దగ్గర కూకుని, ఎంతమంది పిల్లలు, ఏటి తిన్నావు అనడుగు. కరిగిపోతారు. ఆ ఇంజనీర్లే నాకు సెప్పినారు."

పిల్ల ముఖం వెలిగిపోయింది. ఎందుకంత సంతోషించిందో నాకప్పుడు తెలీలేదు. నా పాండిత్యానికే అనుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం ఆమె మెట్లు దిగివచ్చిన తీరు చూడగానే నాకు ఫలితం తెలిసిపోయింది. నాయనమ్మ మెట్టు మీంచి లేచింది.

"పోనాది నానమ్మా. తాత సెప్పినట్టే సేసినాను గానీ పోనాది."

నన్ను తప్పుపడుతున్నట్టు అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తిట్టినా బాగుండేది.

తెర మీద ఒక నెరిసిన జుట్టాయన ఒళ్ళో దుప్పటి వేసుకుని కూర్చున్నాడట. ఈ పిల్ల వంగి దణ్ణం పెట్టి, చక్కగా నవ్వి, "ఒజీసాన్" అందట, అంటే తాతా అని. పిల్లలెంతమంది అని అడిగిందట. పక్కనున్నావిడ కాగితం మీద ఏదో రాసుకుందట. తర్వాత టీచరు విడమరచి చెప్పిందట. అక్కడ ఆశ్రమంలో చేరిన మనిషి, ఊరూపేరూ తెలియనివాళ్ళు వచ్చి తాతా అంటే చిన్నబుచ్చుకుంటాడు. నలభై ఏళ్ళు పోస్టుమాస్టరుగా చేసినాయన మంచం ఎక్కగానే అందరికీ తాత అయిపోతాడా? ఆయన ఇంటిపేరు కనుక్కుని, దానికి 'సాన్' చేర్చి పిలవాలి. అదే వాళ్ళ గౌరవం. పేరు అడగలేదంటే, మంచం మీద ఇంకో ముసలి ఒళ్ళు అన్నట్టే. ఇక పిల్లలెంతమంది అని అడుగుతావు సరే, లేరనుకో?

టీచరు బతిమాలితే వాళ్ళు ఇంకో అవకాశం ఇచ్చారు. రెండు వారాల గడువు. ఈసారి తప్పితే ఈ జట్టులో ఆమెకు చోటు లేదు.

మర్నాడు నేను పద్దెనిమిది మెట్లు ఎక్కాను. టీచరు ఒక్కతే ఉన్న సమయం చూసుకుని, ఇంజనీర్ల దగ్గర మొదలుపెట్టి, డార్జిలింగు మీదుగా తువ్వాలు దాకా మొత్తం కక్కేశాను.

ఆవిడ చేతిలో పుస్తకం మూసింది. "ఆ తువ్వాలు కొన్నాయన పేరైనా తెలుసా మీకు?"

"తెలీదమ్మా."

"మీరు జపనీస్ సంగతి వదిలెయ్యండి తాతగారూ. ముందు తెలుగులో పేరడగడం నేర్చుకోండి." అంతటితో వదల్లేదు. "తప్పు చేసింది మీరు కాబట్టి, రోజూ నాలుగింటికి వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. ఒళ్ళో దుప్పటి వేసుకోండి. మా పిల్లలందరూ మీ మీదే ప్రాక్టీసు చేస్తారు."

అలా డెబ్బై ఆరో ఏట నాకు ఉద్యోగం దొరికింది. దాంట్లో నన్ను మించినవాడు లేడు. చెవుడు నటించాను. అలిగి గోడవైపు తిరిగాను. ఒకరోజు మందుబిళ్ళకు బదులు ఇచ్చిన పిప్పరమెంటును ఉమ్మేసి, మళ్ళీ ఇంకోటి అడిగాను. పిల్లలు నవ్వలేక చచ్చారు.

టీచరు మొదటిరోజు చెప్పింది నాకు బాగా గుర్తు. "ఎదుటివాళ్ళ పేరు అడిగేముందు మన పేరు మనం చెప్పుకోవాలి. నువ్వెవరో చెప్పకుండా నువ్వెవరు అంటే పోలీసోడు అడిగినట్టుంటుంది. తర్వాత 'షిత్సురేయ్ దెసు గా' అనాలి. తప్పుగా అనుకోకపోతే, అని. ఆ తర్వాతే పేరు."

పద్నాలుగుమంది వరసగా వచ్చి, తమ పేరు చెప్పి, వంగి, నా ఇంటిపేరు అడిగి వెళ్ళారు. చర్చి వీధి పిల్ల కూడా వచ్చింది. తన పేరు చెప్పింది. వంగింది. షిత్సురేయ్ దెసు గా అంది. అక్కడితో ఆగిపోయింది. మిగతా వాక్యం రాక కాదు, పుస్తకంలో చూడకుండా రాయగలదు. పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. అయిదు రోజులు అలాగే జరిగింది. టీచరు కోప్పడింది, బుజ్జగించింది, చివరికి తల పట్టుకుంది. ఇంటర్వ్యూ ఇంక వారం రోజులుంది.

ఆరోరోజు మెట్లు దిగుతూ నా మోకాళ్ళకోసం ఆమె నా చెయ్యి పట్టుకుంది. సగం దిగాక అడిగాను.

"ఏటే అమ్మీ, నా ఇంటిపేరు అంత చేదా?"

"నీది కాదు తాతా. అడగడమే." ఇంకో మెట్టు దింపి మళ్ళీ అంది. "ఎనిమిదో క్లాసులో ఫ్రెండు ఇంటికి ఎల్లినాను. వాళ్ళ నానమ్మ స్టీలు గ్లాసుతో మజ్జిగ పట్టుకొచ్చినాది. ఇచ్చేముందు, ఎవులమ్మాయివే, ఇంటిపేరేటి అనడిగినాది. సెప్పినాను. గ్లాసు పట్టుకుని మళ్ళీ లోపలికెల్లి, కాగితం గ్లాసులో పోసి తెచ్చినాది. ఏటీ అన్లేదు. నవ్వుతానే ఇచ్చినాది. ఎవుల్నైనా ఇంటిపేరు అడగాలంటే నాకు ఆ గ్లాసు కనిపిస్తాది. నా నోటంట ఆ మాట రాదు తాతా."

"మా కొట్టులో అలాటివేటీ నేవమ్మా," అన్నాను వెంటనే. "నా దగ్గర అందరూ ఒకటే."

ఆ పిల్ల తలాడించింది. చెయ్యి వదల్లేదు, కింద మెట్టుదాకా జాగ్రత్తగా దింపి వెళ్ళింది.

మా కొట్టు సంగతి ఇప్పుడు చెబుతాను. లోపల గోడ నుంచి గోడదాకా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. మనిషి గుమ్మంలోకి రాగానే నేను నవ్వుతూ, "ఎవులి తాలూకా? ఇంటిపేరేటి?" అనేవాణ్ణి. ఎంతో ఆప్యాయంగా అనేవాణ్ణి, ఊళ్ళో నా ఆప్యాయతకు పేరుండేది. జవాబునుబట్టి కొందరిని పైకి వచ్చి పరుపు మీద కూర్చోమనేవాణ్ణి. కొందరికి బట్ట గుమ్మం దగ్గరికే తెచ్చి చూపించేవాణ్ణి. ఎవరినీ ఒక్క మాట తూలలేదు, ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. నా పేరు మాత్రం నేనెప్పుడూ ముందుగా చెప్పలేదు. పోలీసోడు అన్నది టీచరు. ఆ మాట పైన కుర్చీలో కూర్చుని విన్నప్పుడు నేనూ అందరితోపాటు నవ్వాను.

మర్నాడు ముసలమ్మ పాఠానికి ముందే మనవరాలితో వచ్చింది, నేను పడక్కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆమె ఎప్పటిలాగే రెండో మెట్టు మీద కూర్చుంది. మనవరాలు అప్పుడే పైనుంచి నీళ్ళ సీసా నింపుకోవడానికి దిగివస్తోంది. నేను చేతులు జోడించి నా ఇంటిపేరూ పేరూ పూర్తిగా చెప్పాను. కొత్త మనిషికి చెప్పినట్టు.

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "తెలుసు కదా సావుకారూ. బోర్డు మీద ఉండీది. మిషను బడిలో అయిదు సదివినాను నాను."

"తప్పుగా అనుకోకపోతే, మీ పేరు చెప్పండి. నాకు తెలీదు."

"ఒకపాలి అడిగినారు. మిల్లులో సేరిన కొత్తలో, క్రిస్మసుకి తెల్లచీర కొననాకి వస్తే. ఇంటిపేరు అడిగినారు, సెప్పినాను. గుమ్మం కాడ సూపించినారు చీర."

నేను తలెత్తలేదు.

"ఒకందుకు మంచిదే అయినాది బాబూ," అంది. "గుమ్మం కాడ ఎండ పడతాది. రంగు రంగులాగ కనిపించీది. లోపల పరుపు మీద కూకున్నోళ్ళు నీలం అని కొనుక్కుని ఎల్లి, ఇంటికాడ సూసుకుంటే ఆకుపచ్చ. మా మిల్లులో ఎంతమంది ఏడిసినారో. నాకు ఒక్క చీరా మోసం రానేదు."

నవ్వాలో వద్దో తెలీక, "తప్పు చేశానమ్మా" అన్నాను.

"సేసినారు," అంది. కాదనలేదు, పోన్లెండి అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పుడు తన పేరు చెప్పింది. ఇంటిపేరు ముందు చెప్పి, తర్వాత పేరు. "అప్పుడడిగినదీ గుర్తుంటాది నాకు, ఇప్పుడడిగినదీ గుర్తుంటాది. రెండూ ఉండనీ."

లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాను. ఆమె దాని వంక చూసి, "అలవాటైపోనాది, మెట్టే బాగున్నాది" అని మెట్టు మీదే ఉండిపోయింది. కుర్చీ ఆ సాయంత్రమంతా ఖాళీగానే ఉంది.

మనవరాలు నీళ్ళ సీసా పట్టుకుని మా ఇద్దరినీ చూస్తూ నిలబడింది. పైన తన వంతు వచ్చినప్పుడు నా ఎదురుగా నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది, నా కళ్ళకు తన కళ్ళు సరిగ్గా ఎదురుగా ఉండేలా. తన పేరు చెప్పింది. షిత్సురేయ్ దెసు గా అంది. ఆగింది. ఊపిరి పీల్చుకుని, మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, నా ఇంటిపేరు అడిగింది. అడిగాక నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది. నేను చెప్పాను. ఆమె దాన్ని ఒకసారి తనలో అనుకుని, చివర సాన్ చేర్చి నన్ను పిలిచింది.

నా కళ్ళు చెమర్చాయని రాద్దామనుకున్నాను. చెమర్చలేదు. పిలిస్తే పలకడం మాత్రం మరిచిపోయాను. చెవుడు నటిస్తున్నాననుకుని టీచరు నా నటన బాగుందని మెచ్చుకుంది. ఆ మెప్పు నేను తీసేసుకున్నాను.

రెండో ఇంటర్వ్యూ మధ్యాహ్నం పెట్టారు. పైన గది తలుపు మూశారు. కింద వరండాలో నేనూ, మెట్టు మీద ఆమె నాయనమ్మ. ముసలమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన కాబోలు. నాకు ప్రార్థనలు రావు, వచ్చిన ఏడు మాటలూ అనుకున్నాను. అరగంటకి పిల్ల దిగివచ్చింది. ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాం.

"ఏటయినాది?" అంది నాయనమ్మ.

"ఈపాలి ముసిలమ్మ వచ్చినాది. నా పేరు సెప్పినాను. ఆవిడ పేరు అడిగినాను. బాగానే అడిగినాను నానమ్మా, ఆగిపోనేదు."

"మరేటి?"

"నా పేరు నాకు గుర్తు నేదు అనేసినాది."

ఇది మాకెవరికీ తట్టని సంగతి. నేను రెండు వారాలు ఎన్ని వేషాలు వేశానో, ఈ వేషం ఒక్కటీ వెయ్యలేదు. అడగడం రాక ఏడిచిన పిల్లకి, అడిగితే చెప్పలేని మనిషి ఎదురైంది.

"మరి నువ్వేటి సేసినావు?" అన్నాను.

"ఏటి సేస్తాను తాతా! పుస్తకంలో నేదు. ఒక నిమిషం ఊరుకున్నాను. పరవానేదండి, నాకు తొందర నేదు అన్నాను. నా పేరు మళ్ళీ సెప్పినాను. రేపొచ్చీ నా పేరు సెప్తాను, ఎల్లుండొచ్చీ సెప్తాను, మీది గుర్తొచ్చినప్పుడు సెప్పండి అన్నాను. ఆవిడ ఏటీ అన్లేదు. పక్కనున్నావిడ రాసుకున్నాది. అంతే, కట్టయిపోనాది."

రాసుకుంది అంటే భయమేసింది, మొదటిసారీ అలాగే రాసుకున్నారు మరి.

నాలుగు రోజుల తర్వాత టీచరు మెట్లు దిగుతూనే కేకేసింది. తీసుకున్నారు. చలికాలం మొదట్లో ప్రయాణం. ఆ జవాబు నేనే నేర్పానని మావకి, అంటే టీ కొట్టతనికి, ఆ సాయంత్రమే చెప్పాను. రెండో టీ తాగేలోపు కాదని కూడా చెప్పాను. నేర్పింది ఎవరూ లేరు, ఆ పిల్లే సొంతంగా అంది.

ముసలమ్మ సంతోషంగానే ఉంది గానీ ఒక అనుమానం ఆమెను వదల్లేదు. ఒకరోజు టీచరును అడగనే అడిగింది.

"అంత దూరం పంపుతన్నాను. అక్కడ మా పిల్లని ఎవులి తాలూకా అనడగరు కదమ్మా?"

టీచరు అబద్ధం చెప్పలేదు. "మీరనుకున్నది అడగరమ్మా. కానీ పరాయి దేశం పిల్ల అని వేరుగా చూసేవాళ్ళు ఉంటారు. నన్నూ చూశారు. అందరూ కాదు."

ముసలమ్మ మనవరాలి వైపు తిరిగింది. ఆ పిల్ల పుస్తకాలు సంచిలో సర్దుకుంటోంది. "సూడనీ నానమ్మా," అంది. "పొద్దుటే ఎల్లి దుప్పటి మార్చాలి, అన్నం తినిపించాలి. సూసినా సూడకపోయినా ఆ పని నాదే కదా."

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. "అక్కడ మంచు మోకాలి లోతు ఉంటాది. ఏ బట్ట తీసుకెళ్ళాలో నన్నడుగు, నలభై ఏళ్ళు అదే పని సేసినాను," అన్నాను.

పిల్ల నావైపు తిరిగి, పెన్ను తీసుకుని, రాసుకోవడానికి నోటుబుక్కు తెరిచింది.

"నేను మంచు ఎప్పుడూ సూడనేదు అమ్మీ," అన్నాను. "టీచరునే అడుగు."